బాపుతో పోయిన కార్డులు

మా బాపు పోయాక మా ఇంట్లో జరిగిన మొదటి పెద్ద గొడవ పొలం గురించి కాదు, ఇంటి గురించీ కాదు. ఒక ప్లాస్టిక్ కవర్ గురించి. మొదలుపెట్టింది నేనే. మా ఇంట్లో గొడవలు మామూలుగా నేనే మొదలుపెడతాను, అమ్మ ముగిస్తుంది.

ముందు ఆ కవర్ సంగతి చెప్పాలి. బాపు మిలిటరీలో పనిచేసి పింఛనుతో ఇంటికి వచ్చేటప్పటికి నేనింకా బడిలో చేరలేదు. ఊళ్లో అందరూ ఆయన్ని మిల్ట్రాయన అనేవాళ్లు. వచ్చాక సేద్యం చేశాడు. శంషాబాద్‌లో విమానాశ్రయం వచ్చాక దాని పక్కనే ఒక గోదాములో కొన్నేళ్లు సెక్యూరిటీ పని కూడా చేశాడు. ఏ పని చేసినా ఆ కవర్ మాత్రం ఆయన ఒంటి మీదే ఉండేది. అందులో మిలిటరీ వాళ్లు పంపించేటప్పుడు ఇచ్చిన డిశ్చార్జి పుస్తకం, పింఛను కాగితం, మాజీ సైనికుడి గుర్తింపు కార్డు, క్యాంటీన్ కార్డు, బ్యాంకు పుస్తకం, ఇంకా దవాఖాన కార్డులు రెండు. ఒకటి ఆయనది, ఒకటి అమ్మది. అమ్మ కార్డు అమ్మ దగ్గర ఉంటే బియ్యం డబ్బాలో పడేస్తుందని ఆయన నమ్మకం. ఆ నమ్మకం తప్పేమీ కాదు.

ఈ కవర్ కోసమని బాపు తన ప్రతి అంగీకీ లోపల ఒక జేబు కుట్టించుకునేవాడు. శంషాబాద్‌లో ఆయనకు అంగీలు కుట్టే దర్జీకి అది చెప్పాల్సిన పని కూడా ఉండేది కాదు. పాలు పోయడానికి కేంద్రానికి పోయినా, మడిలో నీళ్లు మళ్లించడానికి పోయినా గుండె మీద చెయ్యి వేసి కవర్ ఉందో లేదో చూసుకున్నాకే గడప దాటేవాడు. జిరాక్స్ తీసి నాకొక కాపీ ఇవ్వమని ఎన్నిసార్లు అడిగానో. నేను చేసేది ఎయిర్‌పోర్టు కార్గోలో కాగితాలు చూసే ఉద్యోగం. కాగితం లేనిదే మా దగ్గర గులాబీల పెట్టె కూడా కదలదు. అలాంటి నన్ను పట్టుకుని, "మిల్ట్రీ కాయిదం జిరాక్స్ షాపుల పడొద్దు బిడ్డా" అనేవాడు. షాపువాడు ఆ కాగితం పట్టుకుని సరిహద్దు దాటి పోతాడన్నట్టు.

ఇక అమ్మ మోకాళ్లు. మా ఊరు శంషాబాద్ నుంచి కొంచెం లోపలికి ఉంటుంది. ఊరి చివర మాకొక చెలక. అందులో అమ్మ చామంతి, బంతి పెంచుతుంది. పూలు కోసి గంపకెత్తితే గానీ ఆమెకు తెల్లారినట్టు కాదు. అలాంటి మనిషికి మోకాళ్లు అరిగిపోయి ఇంటి మెట్లు దిగడమే కష్టమైంది. బాపు తన పాత మోపెడ్ మీద వెనక కూర్చోబెట్టుకుని చెలకకు తీసుకుపోయి, పూలు కోసేదాకా ఒడ్డు మీద కూర్చుని, మళ్లీ ఎక్కించుకుని వచ్చేవాడు. డాక్టరుకు చూపిస్తే రెండు మోకాళ్లూ మార్చాలన్నాడు. "వానలు తగ్గంగనే చేపిద్దం, కార్డున్నది గద, ఒక్క పైస కట్టేది లేదు" అని బాపు అమ్మకు మాటిచ్చాడు. తర్వాత ఊళ్లో కనబడిన ప్రతివాడికీ ఆ మాట చెప్పాడు.

వానలు తగ్గాయి. ఒక పొద్దున బాపు చెలక నుంచి వచ్చి చాయ్ తాగి, మంచం మీద కాసేపు నడుం వాల్చి, మరి లేవలేదు. డాక్టరు వచ్చి గుండె అన్నాడు. నేనుండే బడంగ్‌పేట్ నుంచి వచ్చేసరికి వాకిలి నిండా జనం. ఆ రోజు నాకు చాలా భాగం గుర్తులేదు. గుర్తున్నది, అమ్మ ఏడవకుండా ఆయన పాదాల దగ్గర కూర్చుని వేళ్లు ఒక్కొక్కటీ సవరించడం.

మా కులంలో పూడ్చిపెట్టడం ఆచారం. అందరికీ కొత్త బట్టలు కడతారు. కానీ మా చిన్నాయన, అంటే బాపు తమ్ముడు, పట్టుబట్టి బాపు అంగీయే వేయించాడట. చామంతి మడి పక్కన, మా చెలక ఒడ్డునే పూడ్చారు.

మూడో రోజు పిట్టకు పెట్టాం. పోయిన మనిషికి ఇష్టమైనవన్నీ వండి సమాధి దగ్గర ఆకులో పెట్టి, కాకి వచ్చి ముట్టేదాకా అందరూ దూరంగా నిలబడాలి. ముట్టకపోతే పోయినవారికి ఏదో కోరిక మిగిలిందని లెక్క. యాట కూర పెట్టాం, బగారన్నం పెట్టాం, షాపు నుంచి తెచ్చిన రమ్ము ముంతలో పోశాం. కాకులు చెట్టు మీద కూర్చుని మమ్మల్ని చూస్తున్నాయే గానీ దిగవు. అందరూ తలో కోరికా ఊహించడం మొదలుపెట్టారు. అప్పుడు చిన్నాయన ఇంటికి పరుగెత్తి బాపు దాచుకున్న మిలిటరీ క్యాంటీన్ రమ్ము సీసా తెచ్చి పోశాడు. కాకి దిగింది. "జూసిన్రా, మా అన్న నోటికి గా షాపుది ఎక్కుతదా!" అని చిన్నాయన ఏడుస్తూనే నవ్వాడు. మేమందరం కూడా నవ్వాం. బాపు పోయాక మేం నవ్వడం అదే మొదలు.

దినాలు అయిపోయాక, ఇక కాగితాల పని మొదలుపెడదామని నేను నడుం బిగించాను. అమ్మకు ఫ్యామిలీ పింఛను మార్పించాలి, దవాఖాన కార్డు ఆమె పేరు మీదే కొత్తగా చేయించాలి, మోకాళ్లు చేయించాలి. కవర్ ఎక్కడ అని అడిగాను. అమ్మ చిన్నాయన వైపు చూసింది. చిన్నాయన నేల వైపు చూశాడు.

"అన్న జేబుల వెట్టిన" అన్నాడు.

"ఏ జేబుల?"

"లోపటి జేబుల. స్నానం పోసి అంగీ తొడిగినంక నేనే వెట్టిన. ఎన్నడన్న అది లేకుంట గడప దాటిండా అన్న? గంత దూరం పోయేటోడు ఉత్త చేతులతోని ఎట్ల పోతడు?"

నేనిక ఆగలేదు. కాగితం విలువ తెలీదా అన్నాను, అమ్మ మోకాళ్లను తీసుకుపోయి మట్టిలో పెట్టావన్నాను, పెద్దవాడివని కూడా చూడకుండా ఇంకా ఏవేవో అన్నాను. నేను అరిచిన అరుపులకు పక్కింటివాళ్లు గోడ మీంచి తొంగిచూశారు. చిన్నాయన పాపం, అన్నీ పడ్డాడు. చివరికి మెల్లగా, "పోనీ, తీద్దమా మల్ల? పైపైనే ఉంటది. గడ్డపార తెస్త" అన్నాడు.

అప్పటిదాకా గోడకు ఆనుకుని కూర్చున్న అమ్మ మోకాళ్ల మీద చేతులు ఆనించి, పళ్లు బిగించి లేచి నిలబడింది.

"మడి దిక్కు గడ్డపార పట్టుకొని పోయినోని కాళ్లు ఇరగ్గొడ్త. నిమ్మలంగ పండుకున్నడు. ఆయనవి ఆయన దగ్గర ఉన్నయి. ఉండనీయుండ్రి."

"మరి నీ మోకాళ్లు?" అన్నాను నేను.

"ఉంటే ఉంటయి, పోతే పోతయి" అని లోపలికి పోయింది. నాలుగడుగులకు రెండుసార్లు గోడ పట్టుకుంది.

నేను అప్పు చేసైనా ఆపరేషన్ చేయిస్తానన్నాను. దానికీ ఒప్పుకోలేదు. మీ బాపు చేపిస్తనన్నడు, చేపిస్తే మీ బాపే చేపియ్యాలె, మీ పైసలతోని నాకొద్దు అంది. పోయిన మనిషి ఎట్లా చేయిస్తాడే అంటే, అందుకేగా కార్డు అంది. అంటే ఆ కార్డు మళ్లీ పుట్టకపోతే అమ్మ ఇక చెలకకు నడవదు, ఆయన ఉన్న ఒడ్డుకూ పోలేదు. ఆ సంగతి ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు. ఆ తర్వాత ఊరికి వెళ్లినప్పుడల్లా ఆమె వాకిట్లో కుర్చీ వేసుకుని చెలక దారి వైపు తిరిగి కూర్చుని కనిపించేది.

బ్యాంకుకు వెళ్తే మేనేజరు మర్యాదగా కూర్చోబెట్టి, ముందు సైనిక సంక్షేమ ఆఫీసుకు వెళ్లి అక్కడ మొదలుపెట్టండి, వాళ్లే దారి చూపిస్తారు అన్నాడు. పోయిన కార్డుల కోసం పోలీసు స్టేషన్ నుంచి ఒక కాగితం కూడా కావాలన్నాడు. కాగితం అనగానే నాకు ప్రాణం లేచొచ్చింది. అర్జీ నేనే రాసుకున్నాను, ఫలానా తేదీన బస్సులో ప్రయాణం చేస్తుండగా కవర్ పోయిందని. అలాంటి అర్జీలన్నీ అలాగే రాస్తారు. అమ్మను కారులో కూర్చోబెట్టుకుని స్టేషన్‌కు వెళ్లాను.

హెడ్ కానిస్టేబుల్ అర్జీ పైకి చదివాడు. చదవకుండా ముద్ర వేస్తే పోయేది.

"ఏ బస్సుల పోయింది అమ్మా?" అన్నాడు.

"బస్సుల పోలే సారూ" అంది అమ్మ.

నేను ఆమె చెయ్యి నొక్కాను. ఆమె నా చెయ్యి విదిలించింది.

"అసలు పోనే పోలే. ఆయన దగ్గరనే ఉన్నయి. మా మరిది జేబుల వెట్టి పంపిండు. ఆయన పేరు మీద అబద్ధం నేను చెప్ప."

హెడ్ కానిస్టేబుల్ కలం కింద పెట్టాడు. "అంటే ఏడున్నయో ఎరుకనే?"

"ఎర్కనే. మా చెలకల."

"మరి తెచ్చుకోరాదు?"

"నీ తండ్రి జేబులకెల్లైతె తీస్తవా సారూ?"

ఆయన కాసేపు అమ్మను, కాసేపు నన్ను చూశాడు. నవ్వాలో వద్దో తెలియక మీసం సవరించుకున్నాడు. చివరికి నా అర్జీ పక్కన పెట్టి తెల్లకాగితం తీసుకుని, 'అంత్యక్రియల సమయంలో పొరపాటున మృతదేహంతో పాటు పూడ్చబడినవి, తిరిగి తీయుటకు కుటుంబ సభ్యులకు ఇష్టం లేదు' అని ఆయనే రాశాడు. "గిట్లాంటి కాయిదం నా సర్వీసుల రాయలే. మా నాయిన పోయినప్పుడు మేము సుట్టల డబ్బ వెట్టినం అమ్మా" అంటూ ముద్ర కొట్టాడు. అమ్మ ఆయన్ని నిండుగా దీవించింది. నా అర్జీని నేను చింపి చెత్తబుట్టలో వేశాను, కోపంగానే.

సైనిక సంక్షేమ ఆఫీసు పట్నంలో. అక్కడ బల్ల వెనక కూర్చున్నాయన కూడా మాజీ సైనికుడే. కోస్తావైపు మనిషి, ప్రతి మాటకూ 'అండీ' తగిలించే మర్యాద. పోలీసుల కాగితం చదివి, దాన్ని మడవకుండా జాగ్రత్తగా పెట్టాడు.

"డిశ్చార్జి పుస్తకం లేకపోయినా ఫరవాలేదండీ. ఆర్మీ నంబరు ఉంటే ఇప్పుడే చూసేస్తాను. లేకపోతే బ్యాంకు నుంచి తెప్పించాలి, కొంచెం ఆలస్యమవుతుంది."

నంబరు మా దగ్గర లేదన్నాను. ఎందుకు లేదో, జిరాక్స్ గురించి బాపుతో నేను పడ్డ తిప్పలేమిటో చెప్పుకొస్తుంటే ఆయన మధ్యలో అమ్మ వైపు తిరిగాడు.

"అమ్మగారూ, మీ వారి పేరు చెప్పండి."

నేను చెప్పాను. ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు. "మీరు కాదండీ. అర్జీ పెట్టుకునేది అమ్మగారు. ఆవిడే చెప్పాలి. ఇది ఇక్కడ నా పద్ధతి, ఏమీ అనుకోకండి."

అమ్మ కొంగు తల మీదికి లాక్కుంది. నా వైపు చూసింది. నేను పుట్టిన దగ్గర నుంచి అమ్మ నోట బాపు పేరు వినలేదు. బాపును పిలవాలంటే 'ఓ' అనేది, లేదా నన్ను పిలిచేది. ఆయన పేరే ఉన్న దేవుడికి కూడా మరో పేరు పెట్టి మొక్కుకునేది. ఓట్ల లిస్టు రాసేవాళ్లు వచ్చి భర్త పేరు అడిగితే పక్కింటామెను కేకేసి చెప్పించేది. ఇవన్నీ చూసి చిన్నప్పుడు ఎంత ఏడిపించేదాన్నో. ఇప్పుడు ఆ ఆఫీసులో మాత్రం నాకు నవ్వు రాలేదు.

"చెప్పే అమ్మా. ఏంగాదు" అన్నాను.

"ఎట్ల చెప్త? ఎన్నడన్న చెప్పిన్నా?"

"ఇగ ఇప్పుడు చెప్పక తప్పదు మరి. ఊకె మంకు పట్టకు."

ఆమె కళ్లు కిందికి దించుకుంది. బల్ల అంచు పట్టుకున్న వేళ్లు బిగిసాయి. వెనక వరసలో ఉన్నవాళ్లు కదులుతున్నారు. ఇక లేచి పోదామంటుందేమో అనుకున్నాను. అప్పుడు మొదలుపెట్టింది. హిందీలో. 'ఏక్, చార్' అంటూ ఒక్కో అంకె ఆపి ఆపి, బడిపిల్ల ఎక్కం చెప్పినట్టు మొత్తం నంబరు చెప్పింది. చివర్లో ఒక ఇంగ్లిషు అక్షరం కూడా పలికింది. అమ్మకు ఇంగ్లిషులో తెలిసింది బహుశా ఆ ఒక్క అక్షరమే. తర్వాత 'నాయక్' అంది, అది మిలిటరీలో బాపు హోదా. అక్కడ ఒక పేరు పట్టేంత సేపు ఆగింది. ఆగి, బాపు రెజిమెంటు పేరు చెప్పి, 'కేరాఫ్ ఏపీవో' అని మిలిటరీ తపాలా చిరునామాతో ముగించింది.

బల్ల వెనకాయన కలం పట్టుకున్న చెయ్యి అలాగే ఉండిపోయింది. కుర్చీలో జారగిలబడి ఉన్నవాడు తనకు తెలియకుండానే నిటారుగా కూర్చున్నాడు. మళ్లీ ఒకసారి చెప్పించుకుని కంప్యూటరులో కొట్టాడు. కాసేపటికి తెర మీద చూసి, బాపు పూర్తి పేరు, ఇంటిపేరుతో సహా, 'గారు' చేర్చి చదివాడు.

"వీరేనా అమ్మా?"

అమ్మ తలూపింది. బాపు పోయిన రోజున రాని కన్నీళ్లు అప్పుడు వచ్చాయి. కొంగుతో తుడుచుకుంటూ, "ఆయనే సారూ" అంది. నేను ఇటు తిరిగి గోడ మీదున్న క్యాలెండరు చూస్తూ నిలబడ్డాను. నాకూ కళ్లు నిండాయి, ఒప్పుకోవడానికి సిగ్గేమీ లేదు.

వచ్చేటప్పుడు కారులో అడిగాను, ఆ నంబరు నీకెట్లా తెలుసని.

"పెండ్లైన కొత్తల ఆయన మొదటిపాలి తిరిగి పోయేటప్పుడు ఉందానగర్ రైలు స్టేషన్ దాంక నడుసుకుంట పోయినం. దారి పొంటి నేర్పిచ్చిండు. పేరు తప్పితె ఉత్తరం వస్తదట, నంబరు తప్పితె రాదట. నాకు సదువు రాదు గద, బడి పంతులు రాసిపెడ్తుండె. పేరు పంతులుకు ఎరుకనే. నంబరు నేను చెప్తుంటి."

"అయితే మాత్రం, ఇన్నేండ్లయినంక యాదికెట్లున్నది?"

అమ్మ కిటికీలోంచి బయటకు చూస్తూ, "అందరు పేరు వెట్టి పిలుస్తరు. నేనేమని అనుకోవాలె మరి? కలుపు తీసుకుంట, పూలు కోసుకుంట, గదే అనుకుంటుంటి" అంది. మరి కాసేపటికి, "సెలవుల ఇంటికొచ్చినా మనసుల గదే అనుకుంటుంటి. ఆయనకు చెప్పలేదు" అని, ఈ వయసులో సిగ్గుపడింది. నేను గేరు మార్చడం మర్చిపోయి బండి ఆపేశాను, వెనకవాళ్లు హారన్లు కొట్టారు.

ఆ తర్వాత పనులు వాటి దారిన అవి జరిగాయి. కాగితాలు ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. పింఛను అమ్మ పేరు మీదికి మారింది. దవాఖాన కార్డుకు పెట్టిన అర్జీకి ముందు ఒక తాత్కాలిక చీటీ ఇచ్చారు. దాంతోనే ఆపరేషన్‌కు ఒప్పుకున్నారు. అన్నిటికీ నేను జిరాక్స్‌లు తీయించాను. ఎన్ని తీయించానంటే అమ్మ వాటితో అటకలు తుడవచ్చంది.

ముందు ఒక మోకాలు, అది కుదుటపడ్డాక రెండోది చేశారు. దవాఖానలో వ్యాయామం చేయించే పిల్ల అమ్మను రోజూ తిట్టేది, అమ్మ ఆ పిల్లను రోజూ తిట్టేది. ఇద్దరికీ మంచి స్నేహం కుదిరింది. వచ్చేటప్పుడు ఆ పిల్లకు దండకు సరిపడా చామంతులు పంపిస్తానని మాటిచ్చి, పంపించింది కూడా. చిన్నాయన ప్రతిరోజూ దవాఖానకు వచ్చి మంచం కాళ్ల దగ్గర కూర్చునేవాడు. చేసిన పొరపాటును ఇట్లా దిద్దుకుంటున్నాడని నేనేమీ అనలేదు. అంతకుముందు అనాల్సినవన్నీ అనేశాను కదా.

క్యాంటీన్ కార్డు కూడా అమ్మ పేరు మీద వచ్చింది. అందులో ఆమెకు కూడా నెలకింత రమ్ము వాటా ఉంటుందని తెలిసిన రోజు అమ్మ ముఖం చూడాలి. "నాకెందుకే గది, థూ!" అంది. చిన్నాయన మాత్రం ఆ రోజు నుంచి వదినె మాటకు ఎదురు చెప్పడం మానేశాడు. కట్టెలు కొట్టిపెడతాడు, మోటారు వేసి వస్తాడు. అమ్మ వాటా తెచ్చి, బాపు తిథికి సమాధి దగ్గర పోయడానికి కొంచెం తీసిపెట్టి, మిగిలింది లెక్కగా మరిదికి ఇస్తుంది. ఊళ్లో ఆయన వయసు మగవాళ్లు ఈ మధ్య అమ్మకు ఎదురైతే కొంచెం ఎక్కువ వినయంగా నమస్కారం పెడుతున్నారు.

పింఛను ఆగకుండా ఉండాలంటే ఏటా నవంబరులో బతికే ఉన్నానని రుజువు చూపించాలి. బాపు ఉన్నప్పుడు ఏడాదికొకసారి ఆ పనికి ఇస్త్రీ అంగీ వేసుకుని పోయేవాడు. "నేను బతికున్ననని నేనే చెప్పుకోవాల్సొస్తున్నది" అని నవ్వేవాడు. ఇప్పుడు అమ్మ పట్టుచీర కట్టుకుని బయల్దేరుతుంది. పూలు తెంపి తెంపి ఆమె వేలిగీతలు అరిగిపోయి, మిషన్ మొదట ఒప్పుకోలేదు. ముఖం ఫొటో తీసి పని కానిచ్చారు. "నా ఏలు సూస్తే సచ్చిపోయిన్నంట, మొకం సూస్తే బతికున్ననంట" అని ఊళ్లో అందరికీ చెప్పుకుని మురిసిపోయింది.

ఈ మధ్య చుట్టుపక్కల ఊళ్ల నుంచి మిలిటరీలో పనిచేసిన భర్తలు పోయిన ఆడవాళ్లు అమ్మను వెతుక్కుంటూ వస్తున్నారు. ఏ ఆఫీసుకు పోవాలో, ఏమేం వస్తాయో వాళ్లకు ఎవరూ చెప్పలేదు. కాగితాల సంగతి నేను చూస్తాను. కానీ అమ్మ వాళ్లకు చాయ్ ఇచ్చి ముందు అడిగేది ఒకటే, నంబరు యాదికున్నదా అని. మొన్న కందుకూరు వైపు నుంచి ఒకామె వచ్చింది, అమ్మ కన్నా పెద్దది, చెవులు సరిగా వినపడవు. అమ్మ గట్టిగా అడిగింది. ఆమె ఒక్క క్షణం కూడా తడుముకోలేదు, గడగడా చెప్పేసింది. చెప్పి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఇద్దరూ చాలాసేపు నవ్వుకున్నారు.

పోయిన ఆదివారం నేను ఊరికి వెళ్లేసరికి ఇంటికి తాళం. చెలకకు పోతే అమ్మ గంపతో సహా అక్కడే ఉంది. మోపెడ్ లేదు, కర్ర లేదు. ఎవరితో వచ్చావే అంటే కాళ్లతోని వచ్చిన అంది. పూలు కోయడం అయిపోయి, ఒడ్డు మీద బాపు పక్కన కాళ్లు చాపుకుని కూర్చుంది. పైన విమానం ఒకటి చక్రాలు దించుకుంటూ పోయింది. మధ్యాహ్నం వచ్చే ఆ విమానం కనబడిందంటే ఇంటికి పోయి వండాలని ఆమె లెక్క. కానీ ఆ రోజు లేవలేదు.

బొడ్లో సంచి తీసి వక్క వేసుకుంటుంటే అందులో కొత్త దవాఖాన కార్డు కనబడింది. బియ్యం డబ్బాలో పడేస్తుందని బాపు భయపడిన కార్డును ఇప్పుడు ఆమె ఒంటి మీంచి తీయడం లేదు. నాకు ఏడిపించాలనిపించింది.

"జర పైలం అమ్మా. నీ వంతు వచ్చిన్నాడు చిన్నాయన గా కార్డు గూడ నీ సంచిలనే వెట్టి పంపుతడు. మల్ల పోలీస్ స్టేషన్ నేనే తిరగాలె."

నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. ఆ మాట ఎవరైనా అంటారని ముందే ఆలోచించి పెట్టుకున్నట్టు, మడిలోకి రాలిన ఒక చామంతిని తీసి సమాధి మీద పెడుతూ చెప్పింది.

"వద్దు బిడ్డా. కార్డు వాపస్ ఇచ్చెయ్యుండ్రి, మిమ్ముల పరేషాన్ జేసుడు నాకిష్టం లేదు. ఆడ ఎవలన్న ఎవలకోసం వచ్చినవని అడిగితె, నంబరు చెప్త."